గాలికెక్కిన కారు ఇంజన్

కోరుట్ల

ప్రియమైన తమ్ముడు మహిపాల్‌కు,

మంచిగున్నవా. ఫోన్ల నాకు మాట రాదు, అందుకే రాస్తున్న. పాత కారు ఇంజన్ తయారైంది. గేరుబాక్సు తీసేసిన, బరువు తగ్గింది. ఇంజన్ వేగం విమానం ముందటి పంకాకు ఎక్కువైతది, నడుమ బెల్టు పెట్టి తగ్గించిన. రేపు ట్రాలీల పంపుతున్న. మన సంతోష్ చిన్న విమానం కట్టుడు సంబురమే. గని దాంట్ల కూసునేది వాడే. పానా పట్టినప్పుడల్లా అదే యాదికస్తది.

నీ అన్న
నర్సయ్య


సిరిసిల్ల

ప్రియమైన నర్సన్నకు,

ఇంజన్ ముట్టింది. కారు బాగుచేసినా దిష్టి తీసేటోనివి, నీ భయం నాకెరుకే. నా కొడుకు విమానం నడుపుడు నేర్చుకునే అచ్చిండు.

నేనొక పని చేసిన. బట్ట నేసే మా సాంచాల మీద పోగు తెగితే సాంచా తనంతట తనే ఆగుతది, బట్ట ఖరాబ్ కాదు. గట్లనే ఆయిల్ తగ్గితే ఇంజన్ ఆగేటట్టు స్విచ్చి బిగించిన. నా జిందగీల గింత ముద్దుగ ఏ పనీ రాలె. ఐతారం సారంగాపూర్ చెల్కల ఎగిరిస్తం. నువ్వు రాకుంటే పంకా తిరగదు.

తమ్ముడు
మహిపాల్


సిరిసిల్ల

నర్సన్నకు,

ఆ పొద్దు చెప్పకుండనే బస్సెక్కినవ్. సంతోష్ మంచిగున్నడు. ఇంజన్ విప్పిన. ఆయిల్ పైపు గాలిల ఉన్నప్పుడే పగిలింది. ఆయిలంత కారినా ఇంజన్ ఆగలె, చక్రాలు నేలకు తాకినంకనే బిగుసుకొని పట్టేసింది. లోపలంత కాలిపోయింది, ఇనుప సామాన్లకు తప్ప పనికి రాదు. నా స్విచ్చి ఎందుకు పనిచేయలేదని చూస్తే, వైరు తీసి టేపు చుట్టి ఉన్నది. ఎగిరే ముందట ఇంజన్ దగ్గరికి పోయింది నువ్వొక్కనివే. నా పని నచ్చకపోతే మొఖం మీద చెప్పకపోయినవా?

మహిపాల్


కోరుట్ల

ప్రియమైన తమ్ముడు మహిపాల్‌కు,

నేనే తీసిన. నీ పనితనంల వంక లేదు. ఉత్తరం చదివినప్పుడు నేనూ మెచ్చుకున్న.

ఐతారం జగిత్యాలల దిగి ఆటోల అస్తుంటే, తొవ్వల ఆటో ఇంజన్ కాగి ఆగింది. డ్రైవరు బండి పక్కకు పెట్టి బీడి ముట్టిచ్చిండు. అప్పుడు నాకు తట్టింది. కార్లకు నేను, సాంచాలకు నువ్వు, ఆగుడే నేర్పినం. మిషిని బతకాలె అని. పైన పక్కకు పెట్టుకునే జాగ ఏడిది? అక్కడ మిషిని సచ్చేదాక తిరగాలె, పిలగాడు దిగాలె.

నువ్వు అచ్చినోళ్లందరికి ఆ స్విచ్చే చూపిస్తున్నవ్. నలుగుట్ల నాకు నోరు రాలె. సంతోష్ చెవుల మాత్రం చెప్పిన, ఆయిల్ తగ్గి ఎర్ర లైటు బుగ్గ ఎలిగితే ఇంజన్ ఖరాబైతదని చూడకు, తిరిగి రా అని. సరే పెదనాయిన అన్నడు.

నీకు చెప్పకుండ తీసుడు తప్పే. మల్ల గట్లనే అయితే, మల్ల తీస్త.

నీ అన్న
నర్సయ్య