కరెంటు పనిచేస్తుందా అని అడిగావు గదా అక్కా

హైదరాబాద్,
ఆదివారం

ప్రేమగల రాజక్కకు నీ చెల్లె సునీత దండాలు. నువ్వు, బావ, బిడ్డ పద్మ బాగున్నారని తలుస్తున్నాను. నేను బాగున్నాను, నా గురించి రంది పెట్టుకోకు. ఫోన్‌లోనైతే ఇద్దరం ఏడుస్తూ కూర్చుంటాం, అందుకే రాస్తున్నాను. పద్మతో చదివించుకో.

ఇక్కడ ముసురు పట్టింది. హాస్టల్ కూరల్లో కారమే ఉండదు. నీ పండుమిరప తొక్కు రోజూ యాదికొస్తుంది. కేన్సర్ ఆసుపత్రిలో చేరి ఏడాదవుతున్నా నర్సు పని ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది.

జగిత్యాలలో నీకు గర్భసంచి ముఖద్వారం కేన్సర్ అని చెప్పినప్పటి నుంచి నీది ఒకటే మాట. "కరెంటు పెడితే తగ్గుతదో లేదో ముందుగాల్నే చెప్పుమను. తగ్గకపోతే గింత తిప్పలెందుకు?" అంటావు. ఇక్కడ రేడియేషన్ అనే ఆ కరెంటు గురించి అదే మాట మా డాక్టరమ్మను అడిగాను. ముందే అంచనా వేస్తారట అక్కా. గడ్డ ఎంతుంది, ఒంట్లో రక్తం ఎంతుంది చూస్తారు. కరెంటు సగమయ్యాక మళ్ళీ స్కాన్ తీసి, ఎంత కరిగిందో చూస్తారు.

రుద్రంగి నుంచి లచ్చవ్వ అని బీడీలు చేసే ఆమె నీలాంటి జబ్బుతోనే ఆర్నెల్ల కింద మా వార్డులో చేరింది. సగంలో తీసిన స్కాన్‌లో గడ్డ అనుకున్నంత కరగలేదు. అది విని సంచి సర్దుకుంది. "నాకు పనిజేస్తలేదట గదా బిడ్డా, ఇంటికి పోత" అంది. ఇప్పుడు నీ మాట వింటే నాకు ఆమే కళ్ళల్లో మెదులుతోంది. డాక్టరమ్మది మన కరీంనగరమే. వచ్చి ఆమె పక్కన మంచం మీద కూర్చుంది.

"గీ అంచనా నిన్ను ఇంటికి పంపెటందుకు కాదవ్వా. ఎవలను ఇంకింత మంచిగ చూసుకోవాల్నో మాకు తెలిసెటందుకు."

రక్తం ఎక్కించారు. లోపలి నుంచి పెట్టే కరెంటు లెక్క మార్చారు. లచ్చవ్వ వాంతులతో సొమ్మసిల్లింది, నన్ను తిట్టింది, కానీ చివరిదాకా ఉంది. మూడు నెలల తర్వాత మొన్న చూపించుకోవడానికి వచ్చింది. స్కాన్‌లో గడ్డ లేదు. "బస్సుకు టైమైతాంది, పోయస్త బిడ్డా" అని ఏమీ కానట్టే వెళ్ళిపోయింది. నేనే పక్కకు వెళ్ళి ఏడ్చాను.

అందరికీ అలాగే అవుతుందని నీకు అబద్ధం చెప్పను. తగ్గుతుందనుకున్నా తగ్గని వాళ్ళనూ చూశాను. కానీ రాకుండా ఇంట్లో కూర్చుంటే ఏమవుతుందో ఏ స్కానూ లేకుండా నేనే చెప్పగలను.

వచ్చే వారం బుధవారానికి మా ఆసుపత్రిలో నీ పేరు రాయించాను. జగిత్యాల రిపోర్టులన్నీ తెచ్చుకో. బావకు చెప్పు, పొలం పని నాలుగు రోజులు ఆగుతుంది. అవ్వకు, బాపుకు నా దండాలు. పద్మకు ముద్దులు.

చిన్నప్పుడు బడికి పోనని నేను కింద పడి పొర్లితే, నన్ను చంకన వేసుకుని దింపి వచ్చింది నువ్వే. నువ్వు రానంటే ఇప్పుడు నేను మీ బీర్‌పూర్‌కే వస్తాను.

నీ దీవెన కోరే
చెల్లె సునీత