కార్డులో పడ్డ మాట

జూన్ 16, సోమవారం

చేపల వేట నిషేధం అయిపోయింది. బోట్లు నిన్ననే సముద్రంలోకి వెళ్ళాయి. ఇక మా ఆయన గణేష్ వ్యాన్ రోడ్డెక్కాలి. హార్బర్‌లో చేపలు ఎత్తి తగరపువలస మార్కెట్‌లో దింపే పని. అంతకుముందే డాష్‌క్యామ్‌కి, అదే వ్యాన్ ముందు అద్దం దగ్గర దారిని రికార్డు చేసే కెమెరాకి, కొత్త మెమరీ కార్డు కొనాలి.

నేనే కొనాలి. కిందటేడు మల్కాపురంలో ఒక బైకు జారి వచ్చి మా వ్యాన్‌కి తగిలింది. జనమంతా గణేష్‌నే తిట్టారు. కెమెరా ఉంది కదా అని ధీమాగా తెరిస్తే 'కార్డ్ ఎర్రర్' అని ఎర్ర అక్షరాలు. ఫోన్‌లో వాడి పక్కన పడేసిన పాత కార్డు పెట్టాడు మహానుభావుడు. నెల్లాళ్ళు వ్యాన్ పోలీస్ స్టేషన్‌లోనే ఉండిపోయింది.

జూన్ 17

డాబాగార్డెన్స్‌లో తిరుమలరావు గారి ఎలక్ట్రానిక్స్ షాపుకి వెళ్ళాను. ఏ కార్డైనా ఒకటేనమ్మా, బొమ్మ పడితే సాలు గదా అన్నాడు. ఒళ్ళు మండింది. ఫోన్‌లో కార్డు ఎప్పుడో ఒక ఫొటో రాసుకుని కూర్చుంటుంది. డాష్‌క్యామ్‌లో అలా కుదరదు. ఇంజిన్ ఆన్ అయిన దగ్గర్నుంచి రాస్తూనే ఉండాలి, నిండితే పాతది చెరిపి మళ్ళీ రాయాలి. పైగా అద్దం పక్కన ఎండలో వేగాలి. స్పీడ్ ఒక్కటే ఉంటే సరిపోదు, ఓపిక కావాలి. హై ఎండ్యూరెన్స్ అని రాసున్నదే కావాలని పట్టుబట్టాను.

లోపలికి వెళ్ళి వెతికి తెచ్చాడు. 128 జీబీ. సీలు చూశాను. డాష్‌క్యామ్‌లో వాడితే వారంటీ చెల్లదని కొన్ని ప్యాకెట్ల వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, దీని మీద అలా లేదని చదివి చూసుకున్నాను. మీ ఆయన్ని కూడా ఇలాగే సూసి సేసుకున్నావేటమ్మా అని అడిగాడు. లేదండీ, మేనత్త కొడుకు, చాయిస్ లేదు అన్నాను.

జూన్ 18

నేను పనిచేసే జిరాక్స్ షాపులో కంప్యూటర్‌కి పెట్టి టెస్ట్ చేశాను. కార్డు మొత్తం నింపి, మళ్ళీ చదివి చూస్తుంది సాఫ్ట్‌వేర్. నకిలీదైతే సగంలోనే దొరికిపోతుంది. మధ్యాహ్నం దాకా పట్టింది. ఒక్క ఎర్రర్ లేదు. కార్డుకి ముద్దు పెట్టాను. ఎవరూ చూడలేదు.

జూన్ 20, శుక్రవారం

అత్త వ్యాన్ కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు కట్టింది.

జూన్ 21, శనివారం

పొద్దున గణేష్‌తో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. ఆనందపురం దాటాడు, ఫోన్ స్పీకర్‌లో ఉంది. ఉన్నట్టుండి, ముందల ఎవడో పడున్నాడే, బండి కూడా పక్కనే పడుంది అన్నాడు. ఆపకు అన్నాను. మనకెందుకొచ్చిన గొడవ, మళ్ళీ మన మీదకే వత్తాది, ఎల్లిపో అన్నాను. ఇండికేటర్ టిక్కుటిక్కుమంది. ఆపేశాడు. ఐసు బాక్సులు పక్కకి జరిపి ఆ మనిషిని పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

పడ్డాయన పేరు కామరాజు. తలకి దెబ్బ, స్పృహ లేదు. ఆయన భార్య దేవి వచ్చి, రక్తం అంటిన గణేష్ చొక్కా చూసి, నువ్వే గుద్దావు, లేపోతే నువ్వెందుకు తెత్తావు అని కాలర్ పట్టుకుందట. కేసు పెట్టింది. వ్యాన్ మళ్ళీ స్టేషన్‌కి. ఆ మనిషికి ఏమైనా అయితే గణేష్ జైలుకే.

ఆపొద్దని చెప్పానా లేదా?

అయినా ఈసారి అరవలేదు. కార్డు ఉంది. గణేష్ తీసి జేబులో వేసుకొచ్చాడు.

జూన్ 22, ఉదయం 7

ఫోన్‌కి కార్డ్ రీడర్ తగిలించి తెరిచాం. ఫైళ్ళన్నీ ఉన్నాయి. అన్నింట్లోనూ పసుపే. తెర నిండా పసుపు, మధ్యలో కుంకుమ, ఓ మూల కాస్త ఆకాశం.

అత్తా, కెమెరాక్కూడా బొట్టెట్టావా అని కేకేశాను. తెప్పకి ముక్కుకాడ పెట్టమేటి, నా కొడుక్కి దారి సూసే కన్ను అదే గదా, దాన్నెలాగొదిలేత్తాను అంది. మావయ్య ఉన్నప్పుడు తెప్ప నీళ్ళలోకి తోసే ముందు రోజూ పెట్టేది. సంగతి తెలిశాక కొంగుతో నా ఫోన్ తెర తుడవబోయింది. ఆవిణ్ణి ఏం తిడతాను?

10 గంటలు

బొమ్మ లేదు గానీ సౌండ్ ఉంది. గుద్దిన చప్పుడు ఎక్కడా లేదు. ఎవడో పడున్నాడే అన్న గణేష్ మాట, ఆ తర్వాత కొంత దూరం వ్యాన్ నడిచిన చప్పుడు, ఇండికేటర్, మెల్లిగా బ్రేకు. ఇది చాలు, గణేష్ కేసులోంచి బయటపడతాడు.

మధ్యలో నా గొంతు. ఎల్లిపో, ఎల్లిపో. నేను ఏరికోరి తెచ్చిన కార్డు, ఒక్క అక్షరం పోనివ్వలేదు.

నీ మాట కట్ సేసేసి ఇద్దాం అన్నాడు గణేష్. కోసింది ఇస్తే పోలీసులు నమ్ముతారా? వద్దన్నాను. ఆ దేవి ముందు అది మోగుతుందంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

జూన్ 23

కార్డు నేనే ఎస్సై గారి టేబుల్ మీద పెట్టాను. రెండుసార్లు విన్నాడు. ఎల్లిపో అంటన్నది ఎవరు అని అడిగాడు. నేనేనండీ అన్నాను. దేవి అక్కడే కూర్చుని ఉంది. తల ఎత్తలేకపోయాను.

బయటికి వచ్చాక నా వెనకే వచ్చి చెయ్యి పట్టుకుంది. తిడుతుందనుకున్నాను. నానైనా మా ఆయనకి అలాగే సెప్పుదునమ్మా అంది. మీ ఆయన నీ మాట ఇనలేదు, మా ఆయన బతికున్నాడు అంది. ఇద్దరం స్టేషన్ గోడ పక్కన నిలబడి ఏడ్చాం.

జూన్ 27, శుక్రవారం

కామరాజు మాట్లాడుతున్నాడు. కుక్క అడ్డొచ్చి పడ్డాడట. వ్యాన్ ఇచ్చేశారు. అత్త పసుపు గిన్నె పట్టుకుని, దీనికి ఎక్కడ పెట్టమంటావే అని అడిగింది. కెమెరా వీపు చూపించాను.

జూన్ 30

పొద్దున గణేష్‌తో ఫోన్. దారిలో ఎవరో ముసలామె చెయ్యి ఊపుతోందట. నన్ను అడగనైనా అడగలేదు.

ఆపు అన్నాను. గట్టిగానే అన్నాను, కార్డులో పడేలా.