అమ్మ పేరు పెట్టాలనుకున్న జాతి

ఫ్రీమాంట్,
2009 మార్చి 22.

ప్రియమైన అక్కకు,

ప్రభువు కృపలో నీ చెల్లి వందనాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, బావా, పిల్లలూ క్షేమమని నీ ఉత్తరం చూశాక మనసు కుదుటపడింది. నీకు చెవులు వినపడటం తగ్గాక ఫోన్‌లో మనం అరుచుకోవడమే తప్ప మాట్లాడుకున్నది లేదు. ఉత్తరమే నయం. నీ చేతిరాత చూస్తుంటే నువ్వు పక్కన కూర్చుని నన్ను తిడుతున్నట్టే ఉంటుంది.

నువ్వడిగినవి ముందు చెప్పేస్తాను. తింటున్నాను. ఆదివారం పెట్టిన పప్పుచారు బుధవారం దాకా వస్తోంది. ఒక్కదానికి సరిపడా వండటం ఇన్నేళ్ళయినా నాకు చేతకాలేదు. ఏలూరు సంబంధం వాళ్ళకి వద్దని చెప్పెయ్. ఆయన ఫోన్ చేసి అడిగిన మొదటి మాటే నా గ్రీన్‌కార్డ్ గురించి. ఇక చలి అంటావా, ఇక్కడ పెద్దగా ఉండదు, వానలే. అపార్ట్‌మెంట్‌లో పక్కవాళ్ళెవరో నాకింకా తెలీదు. తలుపు చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

ఇంకో మాట అడిగావు. "ఆ పురుగు వేరే జాతి అని ఎవరు తేల్చారే? అమ్మ పేరుతో పుస్తకంలో ఎప్పుడొస్తుంది? పాస్టర్ గారు కృతజ్ఞత కూడిక పెడదామంటున్నారు" అని. దానికి జవాబు పెద్దది, అక్కా. ఓపిగ్గా చదువు.

నేను ల్యాబ్‌లో చూసే జీవి పేరు డాఫ్నియా. ఆవగింజలో సగం ఉంటుంది. మంచినీటి గుంటల్లో ఎగిరెగిరి పడుతూ ఈదుతుంది. మన భీమవరం రొయ్యకి దూరపు చుట్టం అంటే నువ్వు నవ్వావు కానీ, నిజమే. ఒళ్ళంతా గాజులా ఉంటుంది. గుండె కొట్టుకోవడం, వీపు సంచిలో గుడ్లు, అన్నీ బయటికే కనిపిస్తాయి. ఎక్కువ కాలం అన్నీ ఆడవే. మగదాని అవసరం లేకుండానే తల్లి కూతుళ్ళని కంటుంది, ఆ కూతుళ్ళు కూతుళ్ళని కంటారు.

పోయినేడు జులైలో ఇక్కడికి ఐదారు గంటల దూరంలో, కొండ మీద ఒక మంచుగుంటకి ఒక్కదాన్నే కారేసుకుని వెళ్ళానని రాశాను కదా. అక్కడ దొరికిన డాఫ్నియాలకి మెడ వెనక చిన్న రంపంలాంటి పళ్ళున్నాయి. చుట్టుపక్కల గుంటల్లోని వాటికి తల నున్నగా ఉంటుంది. శత్రువులున్న నీళ్ళలో వీటికి ఇలాంటి పళ్ళు మొలుస్తాయని అందరికీ తెలిసిందే. కానీ ఆ గుంటలో పగలంతా వల వేసినా వీటిని తినే పురుగు ఒక్కటీ పడలేదు. ల్యాబ్‌లో శుభ్రమైన నీళ్ళలో పెంచాం. కూతుళ్ళకీ పళ్ళొచ్చాయి, మనవరాళ్ళకీ వచ్చాయి. డీఎన్‌ఏ చూస్తే తేడా కొంచెమే ఉంది, అటో ఇటో తేల్చడానికి చాలలేదు. రెండు తరాలు మారలేదంటే ఇది పుట్టుకతో వచ్చిన గుణం, వేరే జాతి అనుకున్నాం. ఒక సైన్స్ పత్రికకి పేపర్ రాశాం, వాళ్ళు ఒప్పుకున్నారు. కనిపెట్టినదాన్ని కాబట్టి పేరు పెట్టే హక్కు నాకిచ్చారు. డాఫ్నియా కరుణే అని పెట్టాను, లాటిన్‌లో కరుణ డాఫ్నియా అని అర్థం.

అమ్మ పేరు రేషన్ కార్డులో కూడా తప్పే పడింది. హాస్టల్ వంటమనిషి అనే తప్ప కరుణమ్మా అని పిలిచినవాళ్ళు లేరు. సమాధి మీద మనం పెట్టిన కర్ర సిలువ చెదలు తినేసింది. అలాంటి మనిషి పేరు ప్రపంచమంతా చదివే పుస్తకాల్లో ఉంటుందంటే, నీకెంత సంబరమో నాకూ అంతే.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పనిది చెబుతాను. పేపర్ పంపాక ఆ డాఫ్నియాలున్న సీసాలు పారబోయాల్సింది. నేను పారబోయలేదు. అవి లేకపోతే సెలవు రోజు వెళ్ళడానికి నాకంటూ ఒక చోటు ఉండదని ఉంచుకున్నాను. ఆదివారం చర్చి అయ్యాక అందరూ పిల్లల్ని తీసుకుని లంచ్‌లకి వెళ్ళిపోతారు. నేను ల్యాబ్‌కి వెళ్ళి వాటికి నాచు వేసి, నీళ్ళు మార్చి, వాటితో తెలుగులో మాట్లాడి వచ్చేదాన్ని.

అలా ఐదో తరం వచ్చేసరికి తలలు నున్నగా పుట్టాయి.

సీసాలు తారుమారయ్యాయేమో అనుకున్నాను. కాలేదు. కొండ మీదినుంచి తెచ్చిన బురద ఫ్రిజ్‌లో ఉంటే జల్లెడ పట్టి చూశాను. అందులో ఒక రకం దోమ పిల్లపురుగుల తలలు దొరికాయి. అవి పగలు బురదలో దాక్కుని, చీకటి పడ్డాక పైకొచ్చి డాఫ్నియాల్ని తింటాయి. నేను వెళ్ళింది పగలు. ఇంకో ల్యాబ్ నుంచి ఆ పురుగుల్ని తెచ్చి, అవి ఉన్న నీళ్ళు సగం సీసాల్లో పోశాను. ఆ సీసాల్లో పుట్టిన పిల్లలకి మళ్ళీ పళ్ళొచ్చాయి. అంటే తల్లి నీళ్ళలో శత్రువు వాసన పసిగడితే కూతురు పళ్ళతో పుడుతుంది. శత్రువు లేకపోయినా ఆ జాగ్రత్త కొన్ని తరాల దాకా పోదు. అది వేరే జాతి కాదక్కా. అన్ని గుంటల్లో ఉన్నదే.

మా ప్రొఫెసర్ కారల్‌ని పిలిచి చూపించాను. ఆవిడ మైక్రోస్కోప్ మీంచి చాలాసేపు తలెత్తలేదు.

"ఇంకెవరికైనా చెప్పావా?" అంది.

"లేదు."

"రెండు తరాలు చూశాం. రివ్యూలో ఒప్పుకున్నారు. పేపర్ వచ్చే నెల ప్రింట్ అవుతుంది. ఇప్పుడప్పుడే ఎవరూ తప్పు పట్టరు, షారన్."

"ఎవరో ఒకరు మళ్ళీ పెంచి చూస్తారు కదా."

"చూడొచ్చు, ఎప్పటికో." మైక్రోస్కోప్ లైటు ఆపి, "నీ ఉద్యోగం రెన్యూ కావాలంటే ఈ పేపర్ ఉండాలి, నీకు తెలుసు. పేపర్ మీద మొదటి పేరు నీది, నిర్ణయం నీదే. ఏం చేసినా నీతో ఉంటాను" అంది.

పార్కింగ్‌లో కార్‌లో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఉద్యోగం కోసం కాదు. అమ్మని రెండోసారి పూడ్చిపెడుతున్నట్టు అనిపించింది. ఊరుకుందామని కూడా అనుకున్నాను, అబద్ధమాడను. కానీ అమ్మ పేరు తప్పు మీద నిలబడితే, రేపెవరో దాన్ని కొట్టేస్తారు. ఆ కొట్టేసిన గీత అమ్మ పేరు మీదే పడుతుంది.

మర్నాడు పేపర్ వెనక్కి తీసుకున్నాను. కారల్ కూడా సంతకం పెట్టింది. నా ఉద్యోగం ఆగస్టు దాకే. ఫ్రెస్నోలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పడానికి ఇంటర్వ్యూకి పిలిచారు. వీసా వాళ్ళు చేస్తారో లేదో తెలీదు. కూడిక వద్దని పాస్టర్ గారికి చెప్పు. సంఘంలో నీకు చిన్నతనంగా ఉంటుందని తెలుసు. నన్ను తిట్టు, కానీ దాచకు, ఉన్నదున్నట్టు చెప్పు.

నిజానికి పోయిందేమీ లేదు. ఆ జాతి ఎప్పుడూ లేదు. అయినా ఎవరో పోయినట్టే ఉంది.

ఈ ఆదివారం మా తెలుగు చర్చిలో ప్రార్థన విన్నపాలు అడిగితే లేచి నిలబడ్డాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేవలేదు. పురుగులూ, పేపరూ అని ఏదో చెప్పాను. ఎవరికీ అర్థం కాలేదు. ఒకాయన "ఉద్యోగం కోసం ప్రార్థిద్దాం" అన్నారు. కూర్చున్నాను. పక్కన దేవకుమారి గారని, కొడుకుని చూడటానికి పాలకొల్లు నుంచి వచ్చిన పెద్దావిడ, నా చెయ్యి పట్టుకున్నారు.

"పురుగు సంగతి నాకు తెలీదు గానీ, మీ అమ్మ పేరేంటమ్మా?"

"కరుణమ్మ అండీ."

"ఏం చేసేది?"

"వండేదండీ. హాస్టల్లో, రెండొందల మందికి."

ఆవిడ కళ్ళు మూసుకుని, నాకు మాత్రం వినపడేలా, "కరుణమ్మ కూతురిని" అంటూ ప్రార్థన మొదలుపెట్టారు. ఈ దేశంలో అమ్మ పేరు నేను కాక ఇంకొకరి నోట వినడం అదే మొదటిసారి, అక్కా.

ఇట్లు,
నీ చెల్లి,
షారన్.