కరుణాకర్ చెప్పబోయే సాక్ష్యం

చెల్లి ప్రసూనకు,

మీరంతా ప్రభువు కాపుదలలో ఉన్నారని నమ్ముతాను.

నిన్న శనివారం మామూలుగానే తెల్లవారింది. నేను ప్రార్థన ముగించుకుని వంటింట్లోకి వచ్చేసరికి మన తమ్ముడు కరుణాకర్ పెసరట్లు వేస్తున్నాడు. మరదలు ఎలీనా ఉతికిన బట్టలు మడతపెడుతోంది. మొదటి అట్టు పెనానికి అంటుకుపోయింది. "అక్కా, ఇది నీకే. పెద్దవాళ్లకి ఫస్ట్," అని నవ్వాడు. ఏళ్ల తరబడి మంచం దిగడమే కష్టమైన మనిషి, ప్రసూనా.

నీకు చెప్పనిది ఒకటుంది. వాడు ఆఫీస్ పని మీద చికాగోలో ఉన్నాడన్నామే, అది నిజం కాదు. ఏ మాత్రకూ లొంగని డిప్రెషన్‌కి కొత్త మందు పరీక్షిస్తుంటే అందులో చేరాడు. కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే సైలోసైబిన్. మందిచ్చి, కళ్లకు గంతలు కట్టి పడుకోబెట్టారు, రోజంతా ఇద్దరు థెరపిస్టులు పక్కనే ఉన్నారు. నాన్న పోయినప్పుడు రాని ఏడుపు ఆ గదిలో వచ్చిందట. ఆ తర్వాత వారాల తరబడి వాళ్లతో మాట్లాడాడు. అందరికీ పనిచేస్తుందని డాక్టర్లు అనడం లేదు. వీడికి పనిచేసింది. నేను బయట కూర్చుని ప్రార్థించాను. నాకు మందూ ప్రార్థనా రెండూ నిజమే.

ఇక్కడ మన తెలుగు చర్చిలో మేము చెప్పలేదు. సంఘ పెద్ద దైవాశీర్వాదం గారు మాత్రం, ఉపవాస ప్రార్థనతో మందు లేకుండానే స్వస్థత కలిగిందని ప్రేమకొద్దీ అందరి ముందూ ప్రకటించారు. వచ్చే ఆదివారం కృతజ్ఞత కూడిక, కరుణాకర్ సాక్ష్యం అనీ చెప్పేశారు.

అట్లు తింటుండగా మన సంఘంలోని ఎస్తేరు వాడికి ఫోన్ చేసింది, వాడు స్పీకర్‌లో పెట్టాడు. "అన్నయ్యా, మీ సంగతి విన్నాక నేనూ డిప్రెషన్ మాత్రలు మానేశాను. ప్రార్థన చాలు కదా?"

కరుణాకర్ తొణకలేదు. "లేదమ్మా, నేను ట్రీట్‌మెంట్ తీసుకునే లేచాను. ఇప్పుడే మీ డాక్టర్‌కి కాల్ చెయ్యి. ఒంటరిగా ఉండకు, మీ వదిన వస్తోంది." ఎలీనా అప్పటికే కారు తాళం తీసుకుంది. డాక్టర్ ఆ రోజే ఎస్తేరుతో మాట్లాడారు.

కరుణాకర్ ఫోన్‌లో ఉన్నదంతా చెబితే, మధ్యాహ్నం దైవాశీర్వాదం గారు ఇంటికి వచ్చారు. "సాక్ష్యం చెప్పు బాబూ, ఆ పుట్టగొడుగుల మాట మాత్రం ఎత్తకు. డ్రగ్స్ అనుకుంటారు. రేపు మీ అమ్మాయికి సంబంధాలు చూడాలి."

"దానికి తొమ్మిదేళ్లు అంకుల్!"

ఆయనకే నవ్వొచ్చింది. "మరి నేను ప్రకటించేశానే?"

"మీ మీద మాట రానివ్వను. నేను దాచడం వల్లే మీరలా అనుకున్నారని చెబుతాను."

నాన్న ఉంటే ఈ మాట విని మీసం దువ్వేవారు.

సాయంత్రం అందరం కూర్చుని నిర్ణయించాం. వచ్చే ఆదివారం వాడు మందు పేరుతో సహా అంతా చెబుతాడు. డాక్టర్ని అడగకుండా ఎవరూ మాత్రలు మానొద్దనీ, ఈ మందు సొంతంగా ఎవరూ ముట్టొద్దనీ చెబుతాడు. చర్చిలో వద్దంటే మన గరాజ్‌లో కుర్చీలు వేస్తాం. వాడి పక్కన నేను నిలబడతాను.

నీ అక్క,
విమలకుమారి