చెప్పుల స్టాండు మీద స్కేలు

చిరంజీవి అమ్మాయికి,

మీ అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. కులాసా అంటే, నా ఎడమ మోకాలు మినహా ఇంట్లో అందరూ చెప్పిన మాట వింటున్నారని. నువ్వు వేళకు తింటున్నావనీ, నువ్వు కట్టిస్తున్న ఆ వంతెన మీద నిలబడి కింద నీళ్లలోకి చూడటం లేదనీ తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అడిగినవాటికి వరసగా జవాబులు. మీ ఆయన దగ్గు తగ్గింది. స్కూటరు తాళంచెవి మాత్రం రోజూ పారేసుకుంటున్నాడు, పిల్లకి ఎవరి పోలిక వచ్చిందో ఆరా తియ్యక్కర్లేదు. వంటింటి కుళాయి బాగయింది, ఇప్పుడు స్నానాలగది కుళాయి కారుతోంది. ఇక మూడోది. వంతెన పూర్తయ్యేదాకా ఇంకో ఏడాది ఉండమంటున్నారనీ, నీ కూతురు పిట్ట నువ్వు లేకుండా అలవాటు పడిపోయిందంటే ఒప్పుకుని సంతకం పెట్టేస్తాననీ రాశావు. దానికి జవాబు ఒక్క ముక్కలో తేలేది కాదు. కాస్త ఓపిక పట్టు.

నువ్వు వెళ్లిన కొత్తలో నీ కూతురి బ్యాగు బోర్లించి చూశాను. విరిగిన రంగు పెన్సిళ్లు, ఒంటి సాక్సు, ఎండిపోయిన నారింజ తొక్క, పోయిన ఏడాది తల్లిదండ్రుల సమావేశానికి రమ్మన్న కాగితం ఉన్నాయి. పుస్తకాలు తప్ప అన్నీ ఉన్నాయి. ముప్పై నాలుగేళ్లు బడిలో పని చేసి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైనదాన్ని. ఊరుకుంటానా?

తలుపు పక్కన అలమారాలో ఒక అర ఖాళీ చేయించాను. ఐదు రోజులకి ఐదు రంగుల అట్టలు. సాయంత్రం పాలు తాగగానే పిట్ట టైంటేబులు చూసుకుని తన చేత్తోనే సర్దుకోవాలి. నేను కుర్చీలో కూర్చుని హాజరు పిలుస్తాను. లెక్కల పుస్తకం? ఉంది. నీళ్ల సీసా? ఉంది. స్కేలు? ఉంది. ఓసారి మధ్యలో, "అమ్మమ్మ ఓపిక?" అన్నాను. పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "లేదు" అంది. నీ కూతురే, సందేహం లేదు.

ఇంత చేసినా రోజూ ఒక వస్తువు ఇంట్లో ఉండిపోయేది. సాయంత్రం "ఉంది" అన్న స్కేలు, పొద్దున అది బడికి వెళ్లాక చెప్పుల స్టాండు మీద కనిపించేది. మర్నాడు రబ్బరు. ఇంకో రోజు నీళ్ల సీసా. పరధ్యానం అనుకున్నాను. దాన్ని వదిలించడం నాకు వచ్చిన విద్యే కదా. పొద్దున్నే రెండోసారి హాజరు పిలిచి, జిప్పు నేనే లాగి, గేటుదాకా బ్యాగు నేనే మోశాను. రెండు వారాలు ఒక్క వస్తువు తప్పలేదు. ఆ ఊపులోనే పోయిన ఉత్తరంలో నీకు గొప్పగా రాశాను, పిల్ల దారిలో పడింది, నువ్వు లేకపోయినా అలవాటు పడిపోయింది అని.

మొన్న శుక్రవారం టీచరు రమ్మని కబురు పెట్టింది. మెచ్చుకోడానికే అనుకుని కాస్త మంచి చీరే కట్టుకుని వెళ్లాను. ఆవిడ, "బ్యాగు చాలా బాగుందండీ. పిల్లే..." అని ఆగిపోయింది. తరగతిలో మాట్లాడటం మానేసిందట. తెచ్చుకున్న అన్నం డబ్బా మూత కూడా తియ్యడం లేదట.

బయటికి వస్తుంటే గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "అమ్మగారూ, పాప ఇంటర్వెల్‌కి ఇటు రావడం లేదేమండీ? వాళ్లమ్మగారు ఊరెళ్లాక కూడా రోజూ వచ్చి ఊచలు పట్టుకుని నిలబడేది. ఎవరి కోసం తల్లీ అంటే, స్కేలు మర్చిపోయాను, అమ్మ తెస్తుంది అనేది."

ఇదివరకు అది ఏది మర్చిపోయినా నువ్వు జుట్టు ముడేసుకుంటూ పరుగెత్తుకొచ్చి ఇచ్చేదానివని కూడా అతనే చెప్పాడు. నాకు తెలియదు. నువ్వు చెప్పలేదు. చెబితే నేనేమనేదాన్నో నీకు తెలుసు.

ఆ సాయంత్రం హాజరు పిలవలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, ఆ స్కేలు రోజూ ఎందుకు మర్చిపోయేదానివే అని అడిగాను.

"మర్చిపోలేదు అమ్మమ్మా. పెట్టాను."

"చెప్పుల స్టాండు మీదా?"

"అమ్మ వస్తే ముందు చెప్పులు అక్కడే కదా విడుస్తుంది. చూసి తెస్తుందని." కాసేపు తన గోళ్లు చూసుకుంది. "ఇప్పుడన్నీ బ్యాగులోనే ఉంటున్నాయి. ఇంక అమ్మ ఎందుకొస్తుంది?"



అమ్మాయీ, ఇక్కడిదాకా రాశాక అసలు మాట దాచడం కుదరదు. నువ్వు రెండో తరగతిలో ఉన్నప్పుడు, మా బళ్లోనే, నేను పక్క గదిలో పాఠం చెప్పేదాన్ని. తరచూ కాపీ పుస్తకం ఇంట్లో వదిలేస్తున్నావని మీ టీచరు ఒకరోజు నిన్ను నా దగ్గరకి పంపింది. వచ్చి గుమ్మంలో నిలబడ్డావు. ఏడవలేదు, నా వైపే చూశావు. నిన్ను గంటసేపు వరండాలో నిలబెట్టాను. అది నీకు గుర్తుండే ఉంటుంది. నీకు తెలియనిది ఒకటుంది. ఆ పుస్తకం అప్పుడు నా సంచిలోనే ఉంది. పొద్దున బల్ల మీద చూసి, నీకిద్దామనే తెచ్చాను. అందరి ముందూ తీసి ఇస్తే కూతుర్ని వెనకేసుకొచ్చిందంటారని ఇవ్వలేదు. సాయంత్రం ఇంటికి తెచ్చి మళ్లీ అదే బల్ల మీద పెట్టేశాను. నువ్వు వెతుక్కోకుండా తిన్నగా వెళ్లి తీసుకున్నావు. ఏదీ మర్చిపోయే పిల్లవి కావని నాకు అప్పుడే తట్టాల్సింది. మొన్న నీ కూతురు చెబితే గానీ తట్టలేదు.

అందుకని పోయిన ఉత్తరంలో రాసిన ఆ మాట కొట్టెయ్. అలవాటు పడింది బ్యాగు. పిల్ల పడలేదు. సంతకం పెట్టమనీ అనను, వద్దనీ అనను. ఆ వంతెన నీ చదువు, నీ కష్టం. నా గొప్పలు నమ్మి మాత్రం పెట్టకు.

సోమవారం నుంచి హాజరులో స్కేలు పిలవడం మానేశాను. అది చెప్పుల స్టాండు మీదే ఉంటుంది. ఇంటర్వెల్ వేళకి నేనే నడిచి తీసుకెళ్తున్నాను. మొదటి రోజు నన్ను చూడగానే దాని మొహం చిన్నబోయింది. దాచుకోలేదు. రెండో రోజు స్కేలు అందుకుని వెళ్లబోతూ ఆగింది.

"మోకాలు నొప్పి?" అంది, అచ్చం నేను హాజరు పిలిచే గొంతుతో.

"ఉంది" అన్నాను.

ఇట్లు,
ఆ రోజు పక్క గదిలో ఉన్న
మీ అమ్మ