నాన్నకి యాపిల్ గుజ్జు

అరుణ్,

నా డ్యూటీ బస్సు వచ్చే టైమైంది. పదింటికి కరెంటు తీసేస్తారట, ఆలోపే నాన్నకి యాపిల్ గుజ్జు చేసెయ్యి. బచేలీ సంతలో కొన్న నాలుగు పళ్లు బుట్టలో ఉన్నాయి. తొక్కా గింజలూ తీసేసి, ముక్కలు కుక్కర్లో వేసి, అరగ్లాసు నీళ్లతో రెండు విజిల్స్ రానివ్వు. చల్లారాక మిక్సీ వెయ్యి. పంచదార వద్దు.

చెంచా బోర్లిస్తే గుజ్జు జారకూడదు. జారితే మళ్లీ స్టవ్ మీద పెట్టి దగ్గరపడనివ్వు. జావలా పల్చగా పెట్టమని పక్కింటి పిన్నిగారు అంటారు, వినకు. పక్షవాతం వచ్చినవాళ్లకి పల్చనిదే ఊపిరితిత్తుల్లోకి పోతుందని జగదల్‌పూర్ డాక్టర్ చెప్పిందిగా. నిటారుగా కూర్చోబెట్టి అరచెంచా చొప్పున పెట్టు. ఎడంచెయ్యి ఎత్తితే ఆపెయ్యి. గనిలో పనిచేసినప్పుడు లారీల్ని ఆపినట్టే ఎత్తుతాడు.

మొన్నటిలా మళ్లీ పొలమారితే నాన్న మనకి దక్కడు.

అక్క

మొన్న గుజ్జు గిన్నెలో నీళ్లు కలిపింది నువ్వు కాదు, నేను. బస్సుకి టైమవుతోందని, గబగబా మింగేస్తాడని పోశాను. పల్చగా చేశావని పిన్నిగారి ముందు నిన్ను తిట్టాను. నీ తప్పేననుకుని రెండు రోజులుగా నువ్వు చెంచా ముట్టుకోవడం లేదు. ఇవాళ ముట్టుకో.