వేలిగోరంత ఉక్కు

నవంబరు 23, ఆదివారం

ప్రియమైన అక్కకి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. అక్కడ నువ్వూ పాపా క్షేమమని తలుస్తాను. బావ క్షేమం రోజూ కళ్ళారా చూస్తూనే ఉన్నాను. ఫోన్ చేస్తే ఎత్తవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. చింపేసే ముందు ఒకసారి చదువు.

పాప మొదటిసారి వేదికెక్కి పాడిన రోజున తండ్రిని రాకుండా చేసిన పాపిష్టిదాన్ని నేనేనని అందరికీ చెప్పావట. నిజమే. మా రిఫైనరీలో మరమ్మతుకని ఆపిన యూనిట్‌ని ఇంకొన్నాళ్ళు ఆపి ఉంచాలని పట్టుబట్టింది నేనే. దాంతో షిఫ్టు చూసే బావ సెలవు ఎగిరిపోయింది. మీ వరండాలో మాయమైన నీలం దిండు కూడా నేనే ఎత్తుకెళ్ళానన్నావట. ఆ మాట చెప్పి బావ గబగబా మాట మార్చాడు. అది మాత్రం నా నెత్తిన రుద్దకు.

అసలు సంగతి విను. మా దగ్గర కొన్ని పైపుల్లో పారే నూనె ఎంత వేడిగా ఉంటుందంటే, బయటపడి గాలి తగిలితే చాలు, అగ్గిపుల్ల అక్కర్లేకుండానే అంటుకుంటుంది. అందులోని గంధకం మామూలు ఉక్కుని లోపలినుంచి తినేస్తుంది. అందుకని అక్కడ క్రోమియం కలిపిన ఉక్కు వేస్తారు. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం పనికిరాదు. చిక్కేమిటంటే చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. తేడా తెలియడానికి పైపుకి ఒక కొసన రంగు పట్టీ వేస్తారు. కోశాక ఆ పట్టీ ఒక ముక్కకే మిగులుతుంది. రెండో ముక్క ఏ జాతిదో దేవుడికే తెలియాలి.

ఏటా పైపు మందం కొలుస్తారు గానీ గుర్తుపెట్టిన చోట్లే కొలుస్తారు. అన్నీ బాగున్నాయి, ఇంక మొదలుపెడదామని మేనేజరు తొందరపెట్టాడు. పాత మరమ్మతుల్లో అతికిన ప్రతి ముక్కా చూడందే తనిఖీ కాగితం మీద సంతకం పెట్టనన్నాను. నీ మొండితనం నాకూ వచ్చింది కదా, ఒకే తల్లి కడుపున పుట్టాం.

పైపు మీది తొడుగు విప్పించి, మంచె ఎక్కి, లోహంలో ఏం కలిసిందో చెప్పే పరికరాన్ని ఒక్కో ముక్కకీ ఆనించాను. అన్నిటిలోనూ క్రోమియం ఉంది. ఒక మూరెడు ముక్కలో మాత్రం లేదు. మంచె దిగుతూ సగంలో నిచ్చెన పట్టుకుని ఆగిపోయాను. చిన్నప్పుడు నీళ్ళ ట్యాంకెక్కి నిన్ను ఏడిపించినదాన్ని, ఎత్తంటే నాకు భయం లేదని నీకు తెలుసు.

ఆ ముక్కని కోసి కింద పెట్టారు. అక్కా, దాని గోడ నా వేలిగోరంత మందం లేదు. వెల్డరు చిన్న సుత్తితో తట్టగానే రేకు డబ్బాలా లొత్తపడింది. మేనేజరు హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. అంత పల్చటి రేకు అంత వేడినీ ఒత్తిడినీ ఇన్నేళ్ళు ఎలా ఆపిందో నా చదువుకి అందలేదు. లెక్కప్రకారం ఎప్పుడో పగలాలి. పగలలేదు. దేనికీ దణ్ణం పెట్టనిదాన్ని, ఆ ఇనపముక్కకి పెట్టాను. నవ్వుకుంటే నవ్వుకో.

బావ దాన్ని చాలాసేపు నిమిరాడు. తర్వాత పక్కకెళ్ళి పాపకి ఫోన్ చేసి ఆ పాట మొత్తం పాడించుకున్నాడు. పాప చెప్పే ఉంటుంది.

ఇప్పుడు సరైన పైపు వేశారు. ఇకమీదట కోసిన ముక్కలకి కూడా పట్టీ వేస్తారు. వచ్చే వారం బావకి సెలవు. కోపం తగ్గితే ఫోన్ చెయ్యి, తగ్గకపోతే తిట్టడానికైనా చెయ్యి.

ఇట్లు,
నీ మొండి చెల్లెలు

తా.క. నీకు చెప్పొద్దని బావ ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. చలిరోజుల్లో వెచ్చగా ఉంటుందని బావ ఆ పైపు కింద ఒక కుర్చీ వేసుకున్నాడు. నువ్వు కట్టిచ్చే డబ్బా రోజూ అక్కడే కూర్చుని తింటాడు. మంచె మీదినుంచి కిందికి చూస్తే ఆ కుర్చీలో నీ నీలం దిండు కనిపించింది. ఉతికి మా ఇంట్లో ఉంచాను. వచ్చి తీసుకెళ్ళు.